గురువారం ఆరింటికి ఎవరు చెబుతారు

దెల్మీరా సొతేలో అనే ఆవిడ పనిచేసే భవనంలో పది వాటాలుంటే అందులో ఏడింట్లో మనసు డాక్టర్లే. బ్యూనస్ ఐరిస్‌లో పాలెర్మో వైపు ఆ వీధి మొత్తం అంతే. రాయి విసిరితే మనసు డాక్టరుకి తగులుతుంది. తగిలిన డాక్టరు ఊరుకోడు, "ఈ రాయి విసిరేటప్పుడు నీకు ఎవరు గుర్తొచ్చారు?" అని అడుగుతాడు. ఈ మాట దెల్మీరాదే. డాక్టర్ల గురించి ఆవిడ నోటినుంచి వచ్చిన వాటిల్లో కాస్త మర్యాదగా ఉన్నది ఇదొక్కటే కాబట్టి ముందు దీన్నే చెప్పాను.

ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. కొరియెంతెస్ వైపు ఏటి ఒడ్డు పల్లెలో పుట్టింది. పందొమ్మిదో ఏట ఈ ఊరొచ్చి ఇళ్ళల్లో పనికి కుదిరింది. ఈ భవనానికి వాచ్‌మన్‌గా ఉన్న హిలారియోని చేసుకుని, కింద వెనకవైపు రెండు గదుల్లో కాపురం పెట్టింది. తొమ్మిదేళ్ళ కిందట హిలారియో గుండె ఆగి పోయాక ఆ ఉద్యోగం ఆవిడకే ఇచ్చారు. తెల్లారగానే వాకిలి ముందు కడగడం, గంటల మీటలున్న ఇత్తడి పలకని అద్దంలా తోమడం, మెట్లు తుడవడం, మోటారు, లిఫ్టు, చెత్త, అన్నీ ఆవిడ పనే.

హిలారియోకి తన గుండె సంగతి ముందే తెలుసు. తెలిశాక ఒక ఆదివారం కూర్చుని నాలుగు కాగితాలు రాశాడు. ఏ తాళంచెవి ఏ తలుపుది, ఏ వాల్వు తిప్పితే ఏ అంతస్తుకి నీళ్ళు ఆగుతాయి, లిఫ్టు మధ్యలో ఇరుక్కుంటే ఎవరిని పిలవాలి, అన్నీ రాసి బీరువా తలుపుకి లోపలివైపు అతికించాడు. ఆయన పోయిన మర్నాడు కూడా పది వాటాల్లోనూ నీళ్ళొచ్చాయి. అక్షరాలు కూడబలుక్కుని రాసే మనిషికి ఆ మాత్రం బుద్ధుంది. గోడ నిండా పట్టాలు తగిలించుకున్న మూడో అంతస్తు డాక్టరుకి మాత్రం లేకపోయింది.

ఆయన పేరు ఇసిదోరో మెల్నిక్. వయసు డెబ్బై నాలుగు. మూడు-బి వాటాలో ఇరవై ఆరేళ్ళుగా పేషెంటు పడుకునే దివాను పక్కన కుర్చీ వేసుక్కూర్చుని జనం గోడు వింటున్నాడు. ఆయన పేషెంట్ల పేర్లు దెల్మీరాకి తెలియవు. డాక్టరు చెప్పడు, వాళ్ళూ చెప్పరు. ఒకరికొకరు ఎదురుపడకుండా మధ్యలో పది నిమిషాలు ఖాళీ పెట్టేవాడు. అంత గుట్టు. అందుకని ఆవిడే వాళ్ళకి పేర్లు పెట్టుకుంది: సోమవారం ఎనిమిది, మంగళవారం నాలుగు, గురువారం ఆరు. ఎవరు ఎప్పుడు ఏ బూట్లతో వస్తారో, పోయేటప్పుడు ఎవరి కళ్ళు ఎర్రగా ఉంటాయో మాత్రం ఆవిడకి కరతలామలకం.

ఫిబ్రవరి నడివేసవి వచ్చిందంటే ఈ ఊళ్ళో మనసు డాక్టర్లంతా కట్టకట్టుకుని సముద్రానికి పోతారు. జబ్బులకి సెలవుల్లేవు, డాక్టర్లకి మాత్రం నెల రోజులు. పేషెంట్లు పళ్ళు బిగించుకుని మార్చిదాకా ఆగుతారు. ఆ నెలలో ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యరు, అదో కట్టుబాటు. మెల్నిక్ కూడా మిరమార్‌కి పోయాడు. తొమ్మిదో తారీఖున ఇసకలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ అక్కడే ప్రాణం వదిలాడు. కొడుకు గాస్తోన్ దెల్మీరాకి ఫోన్ చేసి నాలుగు ముక్కల్లో చెప్పాడు: నాన్న పోయాడు, అంత్యక్రియలైపోయాయి, మార్చి మొదటివారంలో వాటా ఖాళీ చేస్తాం. దెల్మీరా కొవ్వొత్తి వెలిగించి ఏడ్చింది. పేషెంట్లకి చెప్పడం వాళ్ళ పనే కదా అనుకుంది.

మార్చి మొదటి సోమవారం ఎనిమిదింటికి సోమవారం ఎనిమిది వచ్చాడు. యాభై ఏళ్ళ భారీ మనిషి, ఇస్త్రీ మడత నలగని ప్యాంటు. మూడు-బి మీట నొక్కాడు. ఆగాడు. మళ్ళీ నొక్కాడు. దెల్మీరా అప్పుడు వాకిలి తలుపు తీసిపెట్టి బ్లీచింగ్ నీళ్ళతో లోపలి మెట్లు తుడుస్తోంది.

"ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు సార్," అంది తలైనా ఎత్తకుండా. "డాక్టరుగారు చనిపోయారుగా. మెట్లు తడిగా ఉన్నాయి, చూసి నడవండి."

లిఫ్టు పనిచెయ్యట్లేదని చెప్పినట్టు చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆ మీట మీదే వేలు ఉంచి, తరవాత వచ్చి ఆ ఇస్త్రీ ప్యాంటుతో తడిమెట్టు మీద చతికిలబడ్డాడు.

"నెల రోజులు ఓర్చుకోమన్నారు," అన్నాడు. "ఓర్చుకున్నాను. ఓర్చుకున్నానని చెబుదామని వచ్చాను."

"మీకెవరూ చెప్పలేదా సార్?"

ఆయన మెట్టు అంచు పట్టుకుని ముందుకి వంగాడు. పొద్దున తాగిన కాఫీ అంతా ఆ మెట్ల మీదే కక్కేశాడు. సిగ్గుపడి రుమాలుతో తుడవబోయాడు. దెల్మీరా చేతులు పట్టుకుని ఆపి, మంచినీళ్ళిచ్చి, టాక్సీ ఎక్కించి పంపింది. తిరిగొచ్చి అదంతా ఎత్తి పోసింది. ఆ పనిలో ఆవిడకి రోత పుట్టలేదు, తన నోటిని తలుచుకుంటే పుట్టింది. పశువు చచ్చిందని చెప్పేటప్పుడు కూడా ముందు కూర్చోమంటారు, తను ఒక మనిషికి చీపురు పట్టుకుని చెప్పింది.

చేతులు కడుక్కుని గాస్తోన్‌కి ఫోన్ చేసింది. అతను పళ్ళ డాక్టరు. ఫోన్లో వెనక ఎవరి పన్నో గరగరమంటోంది.

"బాబూ, మీ నాన్నగారి పేషెంట్లకి మీరెవరూ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పమంటావ్? వాళ్ళెవరో మాకు తెలిస్తేగా! ఇంట్లో ఒక్క పేరైనా ఎత్తేవాడు కాదు. వృత్తి రహస్యం అనేవాడు."

"ఆయన ఫోన్లో నంబర్లుంటాయి కదా?"

"దాని లాక్ ఎవరికీ తెలీదు. షాపువాడు మొత్తం తుడిచేసి ఇచ్చాడు. మా ఆవిడ వాడుకుంటోంది."

దెల్మీరా ఫోన్‌ని చెవి నుంచి దూరం జరిపి దాని వంక చూసింది.

"వినపడుతోందా?" అన్నాడతను. "ఎలాగూ వాకిట్లో ఉండేది నువ్వే కదా, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు నువ్వే చెప్పెయ్. ఎల్లుండి మనుషుల్ని పంపిస్తా, సామాను తీసేస్తారు."

ఎంత సుళువుగా చేతులు దులుపుకున్నాడో చూశారా? తండ్రి పోయిన దుఃఖం ఉంటుంది, కాదనను. కానీ ఇరవై మందిదాకా ఉన్నారు, వారానికోసారి వచ్చి పెళ్ళానికి కూడా చెప్పని సంగతులు చెప్పుకున్నవాళ్ళు. వాళ్ళకి కబురు చెప్పడానికి ఒక చీపురు చాలనుకున్నాడు ఆ పళ్ళ డాక్టరు. దెల్మీరా ఫోన్ పెట్టేసి "ఛీ" అంది. అంతలోనే ఆవిడకి గురువారం ఆరు గుర్తొచ్చింది.

గురువారం ఆరు అంటే పాతికేళ్ళు నిండని పిల్ల. సన్నగా, తల వంచుకుని, గోడ పక్కనుంచి నడుస్తుంది. రెండేళ్ళ కిందట ఒక గురువారం మెల్నిక్‌కి కిడ్నీలో రాయి నొప్పి లేచి మధ్యాహ్నమే అంబులెన్సులో తీసుకుపోయారు. ఆరింటికి పిల్ల వచ్చింది, గంట కొట్టింది, ఎవరూ తియ్యలేదు. అరగంట నిలబడి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ప్రాణం తీసుకోబోయింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇదంతా మెల్నిక్ తర్వాత లిఫ్టులో చెప్పాడు, చెప్పకూడదని తెలిసి కూడా. "గురువారం ఆరింటికొచ్చే అమ్మాయి ఉంది చూశావా దెల్మీరా, నేను లేని రోజు వస్తే ఆమెని వాకిట్లో ఒంటరిగా వదలొద్దు." అంతే. లిఫ్టు మూడో అంతస్తు చేరేలోపు ముగిసిపోయిన ఆ ఒక్క వాక్యమే ఆయన వెనక మిగిల్చిన ఏర్పాటు. పేరు చెప్పలేదు, నంబరివ్వలేదు. ఒకసారి నిప్పులో చెయ్యి కాలాక కూడా ఆయనకి ఒక కాగితం మీద రెండు ముక్కలు రాయాలనిపించలేదు. దెల్మీరాకి చచ్చినాయన మీద మొదటిసారి చీదరేసింది. ఏడుస్తూ వెలిగించిన కొవ్వొత్తి ఇంకా సగం మిగిలుంది. దాన్ని తీసి డ్రాయర్లో పడేసింది.

సోమవారం పొద్దు. గురువారానికి మూడు రోజులుంది. ఈలోపు ఆ పిల్ల ఎవరో కనుక్కోవాలి. మనిషి దొరికితే ఇంటికెళ్ళి, పక్కన ఎవరైనా ఉన్నప్పుడు చెప్పొచ్చు.

మంగళవారం పొద్దున ఐదో అంతస్తు డాక్టర్ ఇర్మా సాల్దూయా లిఫ్టు దిగింది. సముద్రపు ఎండకి చక్కగా రంగు తేలి వచ్చింది. మెడలో పెద్ద పెద్ద పూసలు.

"దెల్మీరా, బంగారం, పాపం ఇసిదోరో గురించి ఇప్పుడే విన్నాను. ఎంత ఘోరం!" అంటూ దెల్మీరా చేతిలో ఒక కట్ట పెట్టింది. చూస్తే ఆవిడ పేరు అచ్చేసిన కార్డులు. "పేషెంట్లు వస్తారుగా, దిక్కుతోచక ఉంటారు. తలా ఒకటి ఇవ్వు. నీ మేలు మర్చిపోను."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టుంది. దెల్మీరా ఆ కట్టని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని తోకపట్టుకుని ఎత్తినట్టు పట్టుకుంది.

"డాక్టరమ్మా, గురువారం ఆరింటికి ఆయన దగ్గరికి ఒక పిల్ల వచ్చేది. ఎవరో మీకేమైనా తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? ఎవరి పేషెంట్లు వాళ్ళవి."

"మరి మీరు పోతే మీ పేషెంట్లకి ఎవరు చెబుతారు?"

ఇర్మా నవ్వింది. తల ఒక పక్కకి వంచి, గొంతు మెత్తబరిచింది. "దెల్మీరా, నిజంగా నా చావు గురించే అడుగుతున్నావా? హిలారియో గురించి కాదు కదా? ఆయన చెప్పకుండా వెళ్ళిపోయాడన్న కోపం..."

"హిలారియో అన్నీ రాసిపెట్టి పోయాడమ్మా. వాల్వుల సంగతి కూడా రాశాడు. నేనడిగేది మీ పేషెంట్ల సంగతి."

"కోపం బాగానే బయటికొస్తోంది, మంచిదే," అంది ఇర్మా. "ఎవరితోనైనా మాట్లాడితే నీకు తేలిగ్గా ఉంటుంది."

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే. మంగళవారం నాలుగు, మంగళవారం ఐదు ఇద్దరూ వచ్చారు. దెల్మీరా ఈసారి చీపురు మూలన పెట్టి, కుర్చీలు వేసి, నెమ్మదిగా చెప్పింది. గురువారం ఆరింటి పిల్ల తెలుసా అని ఇద్దర్నీ అడిగింది. అసలు ఆయన దగ్గరికి తను కాకుండా ఇంకొకళ్ళు వస్తారన్న మాటే ఇద్దరికీ మింగుడు పడలేదు. ఇర్మా కార్డులు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

బుధవారం మధ్యాహ్నం గాస్తోన్ పంపిన ఇద్దరు మనుషులొచ్చారు. దివాను దించారు, పుస్తకాలు అమ్మకానికి కట్టారు, కాగితాలన్నీ నల్ల సంచుల్లో కుక్కి పేవ్‌మెంటు మీద పెట్టి పోయారు. దెల్మీరా అప్పుడు మిద్దె మీద ట్యాంకు దగ్గరుంది. సాయంత్రం ఏడింటికి కిందికొచ్చేసరికి అట్టలేరుకునేవాళ్ళు బండి ఆపి సంచులు విప్పేశారు. ఒకావిడ చేతిలో నీలం అట్ట నోటుబుక్కు. బండి లాగే మొగుడికి పైకి చదివి వినిపిస్తోంది.

"విను, విను! 'తమ్ముడు పుట్టినప్పుడు వాడు చచ్చిపోవాలని మొక్కుకున్నానని ఈరోజు చెప్పాడు...' ఓరి నాయనో, సీరియల్‌కంటే బాగుంది!"

దెల్మీరా పరిగెత్తి ఆ నోటుబుక్కు లాక్కుంది. "మూసెయ్! సిగ్గులేదూ?"

"మాకెందుకమ్మా సిగ్గు? చెత్తలో వేసింది మేమా? కాగితం కిలో లెక్కన పోతుంది. కావాలంటే దానికి సరిపడా అట్టలియ్యి, తీసుకుపో."

అన్న మాటలో తప్పేముంది? చెత్తలో వేసినవాళ్ళది సిగ్గు. దెల్మీరా పోయి ఫ్రిజ్ అట్టపెట్టెలు, పాత క్యాలెండర్లు, సెల్లార్లో ఉన్నదంతా తెచ్చిచ్చి నోటుబుక్కులన్నీ ఇంట్లోకి మోసుకుపోయింది. ముప్ఫై పైనే ఉన్నాయి. అవన్నీ వంటగది గచ్చు మీద పోసేసరికి ఆ గది ఆవిడదిలా అనిపించలేదు. జనం లోపల ఉతక్కుండా దాచుకున్న బట్టలన్నీ తెచ్చి తన పొయ్యి ముందు గుట్ట పోసినట్టుంది.

ప్రతి పుస్తకం మీదా ఒక అక్షరం, ఒక వారం, ఒక గంట. అంతే. పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. ఎవరి చేతిలో పడినా ఎవరిదో తెలియకూడదని అలా రాశాడు పెద్దమనిషి. గుట్టు దాచడానికి అంత తెలివి వాడినవాడికి, తను పోయాక వాళ్ళకి కబురెలా అందుతుందో తట్టలేదు.

గురువారం ఆరు పుస్తకం దొరికింది. దాని మీద 'హె' అన్న అక్షరం. దెల్మీరా దాన్ని టేబుల్ మీద పెట్టి చాలాసేపు తెరవలేదు. తెరిస్తే తనకీ బయట బండి దగ్గర ఆవిడకీ తేడా ఏముంటుంది? ఆవిడైనా నవ్వుకోవడానికి చదివింది. కానీ రేపే గురువారం. ఎక్కడుంటుందో, ఎక్కడ పనిచేస్తుందో ఒక్క ముక్క దొరికితే చాలు, పొద్దున్నే వెళ్ళొచ్చు. ఆ ముక్క కోసం మాత్రమే చూస్తానని తనకి తనే ఒట్టు వేసుకుని తెరిచింది.

వీధి పేరు లేదు, ఆఫీసు పేరు లేదు. కలలున్నాయి, ఏడుపులున్నాయి. గబగబా తిప్పేస్తూ పోతుంటే ఒకచోట చూపు ఇరుక్కుంది. 'తలుపు దగ్గరి ఆవిడ ఈరోజూ పెంటని చూసినట్టు చూసిందట. మెట్లెక్కేదాకా తను ఊపిరి బిగబట్టిందట. ఆవిడ లేని రోజుల్లో ఇక్కడికి రావడం తేలిక అంటోంది.' పక్కన ఎర్ర సిరాతో మెల్నిక్ ఒక్క మాట రాసి కింద రెండు గీతలు గీశాడు: తల్లి. ఆ పిల్ల భయం కన్నతల్లి మీదదే, తలుపు దగ్గరి ఆవిడ ఒక సాకు మాత్రమేనని ఆయన లెక్క.

దెల్మీరా పుస్తకం మూసేసింది. లేచి సింకు పైన అద్దంలో చూసుకుంది. కిందికి జారిన పెదవి చివరలు, ముడిపడ్డ కనుబొమలు. దెల్మీరా వాళ్ళమ్మదీ ఇదే మొహం. ఏటి ఒడ్డున చేపలు తోమేటప్పుడు పెట్టుకున్న మొహం, తరవాత ఎప్పుడూ తీసెయ్యలేదు. నాలుగేళ్ళుగా ఒక పిల్ల ఈ మొహానికి జడిసి ఊపిరి బిగబట్టి మెట్లెక్కింది. ఆ సంగతి డాక్టరుకి తెలుసు. తెలిసీ ఎర్ర సిరాతో గీతలు గీసుకున్నాడు తప్ప, "దెల్మీరా, ఆ పిల్లని చూసి కాస్త నవ్వవే" అని ఒక్కనాడు అనలేదు. పైగా ఆ పిల్లని కాపాడమని ఈ మొహానికే అప్పజెప్పాడు! ఆవిడకి డాక్టరు మీద, డాక్టర్ల జాతి మీద, అద్దంలో మనిషి మీద ఒకేసారి రోత పుట్టింది. చన్నీళ్ళతో మొహం కడుక్కుంది. ఏమీ మారలేదు.

గురువారం పొద్దున్నే ఐదో అంతస్తుకెళ్ళింది. "డాక్టరమ్మా, ఇవాళ ఆరింటికి ఒక్క పావుగంట కిందికి రండి. ఆ పిల్లకి నేను చెప్పకూడదు. నన్ను చూస్తే ఆమెకి భయం."

"ఆరింటికి నాకు పేషెంటున్నాడు. సెషన్ మధ్యలో లేవడమంటే గుళ్ళో పూజ ఆపడమే. తరవాత పైకి పంపించు, కార్డులున్నాయిగా."

మిగతా డాక్టర్ల గంటలూ కొట్టింది. అందరికీ ఆరింటికే పూజ.

సాయంత్రం దెల్మీరా ఏప్రను విప్పి గళ్ళ గౌను వేసుకుంది. లిఫ్టు పక్కన రెండు కుర్చీలు వేసింది, ఎదురెదురుగా కాదు, తన మొహం ఆమెకి సూటిగా కనపడకుండా పక్కపక్కన. మాతే టీ కాచి ఫ్లాస్కు పక్కన పెట్టుకుంది. ఆరుకి ఐదు నిమిషాలుండగా పిల్ల వచ్చింది. చెయ్యి మీట దాకా పోకముందే దెల్మీరా తలుపు తీసింది.

"లోపలికి రా తల్లీ. ఒక్క నిమిషం ఇలా కూర్చో."

పిల్ల కదల్లేదు. "ఆయన లేరా?"

"కూర్చున్నాక చెబుతాను."

కూర్చుంది, కుర్చీ అంచు మీద. దెల్మీరా చెప్పింది. ఫిబ్రవరి తొమ్మిదిన, సముద్రం దగ్గర, బాధపడకుండా పోయారని, నీకు కబురు చేద్దామంటే పేరు తెలియలేదని. పిల్ల ఏడవలేదు. చలికి కొయ్యబారినట్టయి, మెల్లగా తల తిప్పి దెల్మీరా మొహంలోకి చూసింది. ఆ చూపుకి దెల్మీరా తట్టుకోలేకపోయింది.

"నా మొహం చూసి ఏమీ అనుకోకమ్మా. ఇది పుట్టుకతోనే ఇంతే. నిన్ను చూసి ఎప్పుడూ అసహ్యపడలేదు నేను, ఒట్టు."

అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు. పిల్ల లేచి నిలబడింది.

"ఆ మాట నేను ఆయనకి తప్ప ఎవ్వరికీ చెప్పలేదు."

దెల్మీరా నీళ్ళు నమల్లేదు. "చదివాను. మీ నోటుబుక్కులు చెత్తలో పారేశారు, తెచ్చిపెట్టాను. నీ ఇల్లెక్కడో దొరుకుతుందేమోనని నీది తెరిచాను. ఇల్లు దొరకలేదు. నా గురించి దొరికింది."

"ఛీ," అంది పిల్ల. ఆ గొంతులో నాలుగేళ్ళ అసహ్యం ఉంది. "చెత్తలోనా? ఛీ! ఎక్కడుంది? ఇవ్వండి."

దెల్మీరా తెచ్చిచ్చింది. పిల్ల నిలబడే చివరి పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి, నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసింది. "మా చెల్లెలి పేరు తప్పు రాశాడు. చూడండి. ఇక్కడా తప్పే. నాలుగేళ్ళ నుంచీ దాని గురించే చెబుతున్నాను."

"తుడుపు బకెట్ అక్కడుంది," అంది దెల్మీరా. "బ్లీచింగ్ నీళ్ళే."

పిల్ల పేజీలు చింపి చింపి బకెట్లో వేసింది. దెల్మీరా కర్రతో ముంచింది. సిరా నీలంగా, ఎర్రగా విడిపోయి నీళ్ళు మురికయ్యాయి. పుస్తకం అట్ట మిగిలాక పిల్ల మళ్ళీ కూర్చుంది.

"ఇంటికి ఒంటరిగా పంపను నిన్ను," అంది దెల్మీరా. "ఎవరికి ఫోన్ చెయ్యను? ఎవరైనా ఉన్నారా?"

పిల్ల ఫోన్ తీసి తెరిచి చూపించింది. ఆపదలో పిలవాల్సిన వాళ్ళ జాబితా. అందులో ఒక్కటే నంబరు. డాక్టర్ మెల్నిక్. ఇప్పుడది నొక్కితే పళ్ళ డాక్టరు పెళ్ళాం ఎత్తుతుంది.

"ఆ నంబరు తీసెయ్యమ్మా," అంది దెల్మీరా. "నాది రాసుకో. అర్ధరాత్రయినా ఎత్తుతాను."

పిల్ల ఆవిడ వైపు చూసింది. ఈసారి ఊపిరి బిగబట్టలేదు. "మీరు చచ్చిపోతే?"

అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది. ఏడుగురు డాక్టర్లూ జీవితమంతా తమని తాము వేసుకోని ప్రశ్న అది. దెల్మీరా లేచి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"పద."

ఇద్దరూ లిఫ్టులో పైకెళ్ళారు. ఐదో అంతస్తులో ఇర్మా తలుపు మీద 'సెషన్ జరుగుతోంది' అని చిన్న బోర్డు వేలాడుతోంది. ఆ భవనం పుట్టాక ఆ బోర్డున్నప్పుడు ఎవరూ గంట కొట్టలేదు. దెల్మీరా మీట మీద వేలు పెట్టి తియ్యలేదు. లోపల ఏదో పడిన చప్పుడు, ఒక మగగొంతు కంగారు, అడుగులు. ఇర్మా తలుపు తీసింది. వెనక దివాను మీద ఒకాయన కాలిజోళ్ళు వెతుక్కుంటున్నాడు.

"దెల్మీరా! నీకేమైనా మతిపోయిందా? నేను సెషన్లో..."

"కాగితం పెన్ను తెండి డాక్టరమ్మా. ఈ పిల్లకి రెండు పేర్లు రాసివ్వండి. ఒకటి, రేపు పొద్దున ఈమెని చూసే మంచి డాక్టరుది. రెండోది, ఆ డాక్టరు పోతే వచ్చి ఈమెకి చెప్పేవాళ్ళది. నంబర్లతో సహా."

"చూడు, నీలో ఇది ఎక్కణ్ణుంచి వస్తోందో మనం..."

"కింద నుంచి వస్తోంది. లిఫ్టులో వచ్చాం. రాయండి."

ఇర్మా పిల్లని చూసింది, దెల్మీరా మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనిపించిందో గానీ ఇక మాట్లాడకుండా లోపలికెళ్ళి చీటీ, పెన్ను తెచ్చింది. తలుపుకి ఆనించి మొదటి పేరు రాసింది. దెల్మీరా మెడ సాచి చూసింది. ఇర్మా సాల్దూయా అని ఉంది.

దెల్మీరా ఆవిడ చేతిలోంచి పెన్ను లాక్కుని ఆ పేరు అడ్డంగా కొట్టేసి, పెన్ను తిరిగిచ్చింది.

"మళ్ళీ రాయండి," అంది.